పాత సామానుతో రిపేరు టూల్స్ మనమే చేసుకోవచ్చా? ఏవి చేసుకోవాలి, ఏవి కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బెంగళూరులో అద్దె ఫ్లాట్, సెలవు రోజుల్లో ఇంట్లో వస్తువులు సొంతంగా బాగుచేసుకునే సరదా. ఇప్పుడు చేతిలో అమ్మగారి పాత ఉషా కుట్టు మిషను, గరగరమంటున్న సీలింగ్ ఫ్యాను, మిక్సీ ఉన్నాయి. మామూలు స్క్రూడ్రైవర్ సెట్టు మూడింటికీ చాలట్లేదు, ఆ పనికని ప్రత్యేకంగా తయారైన టూల్ కొందామంటే రిపేరు ఖర్చుని మించిపోతోంది. పాత ఇనుముతో మనమే చేసుకుంటే నిలుస్తుందా, ప్రమాదమా అని.

చేసుకోవచ్చు, నిక్షేపంగా. నాది బాణసవాడి వైపు చిన్న రిపేరు షాపు. నా బల్ల సొరుగులో ఉన్నవాటిలో సగం ఏ కొట్లోనూ దొరకవు. కానీ అన్నీ చేసుకోకూడదు. నా లెక్క ఇది: పట్టుకునేవి, లాగేవి, నెట్టేవి, గీకేవి, సందుల్లోకి దూరేవి చేసుకోండి. కొలిచేవి, కరెంటు నుంచి కాపాడేవి, సుత్తి దెబ్బ తినేవి కొనండి. ఇంకో మాట, ముందుగా టూల్స్ చేసి పెట్టుకుందామని కూర్చోకండి. ఎదురుగా ఒక స్క్రూ రాకుండా మొండికేస్తే, దాని కొలతకి దానికే చేయండి. ఊరికే చేసినవి సొరుగులో తుప్పు పడతాయి.

ఇక ఏ ఇనుము దేనికి అన్నది. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఆ ముక్క ఇంతకుముందు ఏం ఉద్యోగం చేసిందో చూడండి, మళ్లీ దాదాపు అదే ఉద్యోగం ఇవ్వండి. స్ప్రింగులా వంగి లేచిన దానితో కొక్కేలు, సన్నటి పట్టీలు చేయండి. కోసిన దానితో గీకేవి, కోసేవి. బిగించడానికి పుట్టిన బోల్టు, అలెన్ కీ (ఎల్ ఆకారంలో వంగిన ఆరు పలకల కడ్డీ) లాంటివాటితో డ్రైవర్లు, లాగే పుల్లర్లు. బిల్డింగు పని దగ్గర పడి ఉండే కమ్మీ ముక్కలు చూసి చాలామంది ఆశపడతారు. అందులో కార్బన్ తక్కువ, ఎఫ్‌ఈ 500 గ్రేడు కమ్మీకి గరిష్ఠంగా 0.30 శాతమే, ఎంత సాన పట్టినా అంచు నిలవదు. పిడికి, టీ ఆకారం హ్యాండిల్‌కి మాత్రం బంగారం. అనుమానంగా ఉన్న ముక్కని గ్రైండర్‌కి ఒక్కసారి తాకించి నిప్పురవ్వలు చూడండి. కార్బన్ ఎక్కువుంటే రవ్వలు చిటపటా పగిలి పువ్వుల్లా విచ్చుకుంటాయి, మెత్తటి ఇనుమైతే పొడుగ్గా గీతలు పోతాయి, హైస్పీడ్ స్టీల్ (డ్రిల్ బిట్లు చేసే ఉక్కు) అయితే మొద్దు ఎరుపులో కాసినే వస్తాయి.

కుట్టు మిషన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే తప్పు టూల్ వాడితే ఎక్కువ నష్టపోయేది అదే. నీడిల్ ప్లేట్ (సూది కింద ఉండే రేకు) స్క్రూలకి తల మీద అడ్డంగా ఒకే గాటు, అదీ సన్నం. పైన సూదిని పట్టుకునే కడ్డీ, నీడిల్ బార్, అడ్డం, పొడుగు డ్రైవర్ నిటారుగా దిగదు. జనం దాన్ని వాలుగా పెట్టి తిప్పుతారు, గాటు అంచులు లేచిపోతాయి. పైగా అంగట్లో దొరికే డ్రైవర్ మొన కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. గాటు గోడలేమో నిలువు. అంటే మొన గాటు పై అంచులకే ఆనుతుంది, అడుగున ఖాళీ. గట్టిగా తిప్పగానే పైకి తన్నుకొస్తుంది. మీకు కావలసింది గాటులో అడుగుదాకా నిండుగా కూర్చునే మొన, అదీ పొట్టిగా, పక్కకి వంగి.

ఆ ఆకారం అలెన్ కీకి పుట్టుకతోనే ఉంది. 5 లేదా 6 మి.మీ. పాత అలెన్ కీ తీసుకోండి, మూలలు అరిగిపోయి మీరు పక్కన పడేసినదైనా సరే. పొట్టి చెయ్యి చివర ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాల్ని గ్రైండింగ్ చక్రం అంచుకి ఆనించి అరగదీయాలి. చక్రం గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా కాస్త లోపలికి గుంట పడుతుంది, ఆ గుంట వల్లే మొన చివర రెండు ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. చదునుగా అరగదీస్తే మళ్లీ అదే సన్నబడే మొన. మందం ఎంత ఉండాలో తెలియాలంటే విరిగిన హాక్సా బ్లేడు ముక్కని గాటులో పెట్టి చూడండి, దాని మందం సుమారు 0.65 మి.మీ. అది వదులుగా ఊగితే మీ మొన అంతకంటే కొంచెం మందంగా ఆపాలి, బిర్రుగా దిగితే సరిగ్గా అంతే. వెడల్పు స్క్రూ తల వ్యాసమంత, ఒక్క పిసరు తక్కువ. అయిందనుకున్నాక గాటులో నిలబెట్టి చెయ్యి తీసేయండి. తనంతట తను కదలకుండా నిలబడాలి. వాలిందంటే ఇంకా పని ఉందని.

అరగదీసేటప్పుడు పక్కన నీళ్ల గిన్నె పెట్టుకోండి. ఒక్కసారి తాకించి, ముంచి, మళ్లీ తాకించి. వేళ్లకి వేడి తగిలితే ఆపాలి. మొన నీలం తిరిగిందంటే 300 డిగ్రీల దాకా పోయిందని అర్థం, అక్కడ టెంపర్, అంటే ఉక్కుకి కాల్చి ఇచ్చిన గట్టిదనం, ఎంతో కొంత పోయినట్టే, ఆ నీలం భాగం దాటేదాకా కోసేసి మళ్లీ మొదలుపెట్టడం మంచిది. ఇంకోటి, బెంచ్ గ్రైండర్ దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దు, చక్రం గ్లవ్‌ని పట్టిందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్లజోడు మాత్రం లేకుండా స్విచ్ వేయకండి. ఇత్తడి, అల్యూమినియం ఆ బూడిదరంగు చక్రం మీద పెట్టొద్దు, రంధ్రాలు పూడుకుపోయి చక్రం వేడెక్కి పగలొచ్చు.

స్క్రూ అప్పటికీ రాకపోతే బలం పెంచకండి. ఒక చుక్క కిరోసిను గాని పెనిట్రేటింగ్ ఆయిల్ గాని వేసి రాత్రంతా వదిలేయండి. పాత మిషన్లలో ఎండిపోయిన నూనె జిగురై పట్టేస్తుంది, తుప్పు కంటే అదే ఎక్కువ.

ఫ్యాను సంగతి. చాలా సీలింగ్ ఫ్యాన్లలో ఉండేవి 6202 బేరింగులు, కొన్నింట్లో 6201. 6202కి లోపలి రంధ్రం 15 మి.మీ., బయటి వ్యాసం 35, మందం 11. 6201కి 12, 32, 10. బేరింగ్ తీయడం ఒక ఎత్తు, కొత్తది ఎక్కించడం ఇంకో ఎత్తు. ఇంట్లో చేసేవాళ్లు కొత్త బేరింగ్‌ని సుత్తితో టకటకా కొట్టి దింపుతారు, నెల తిరక్కుండా మళ్లీ గరగర. బేరింగ్ అంటే లోపలొకటి, బయటొకటి వలయాలు, మధ్యలో గోళీలు. దెబ్బ ఒక వలయం మీద పడుతుంది, బిగువు ఇంకో వలయం దగ్గర ఉంటుంది, మధ్యలో ఆ బలమంతా గోళీల మీదుగా పోయి అవి తిరిగే దారిలో సన్నటి నొక్కులు పడతాయి. బిగువు ఏ వలయం దగ్గరుందో ఆ వలయాన్నే నెట్టాలి. ఫ్యాను మోటార్ కవర్‌లోకి ఎక్కిస్తుంటే బయటి వలయం, షాఫ్ట్ (మధ్యలో ఉండే ఇరుసు) మీదికైతే లోపలి వలయం.

దీనికి షాపులో దొరికే సెట్టు అక్కర్లేదు, మీరు ఇప్పుడే పీకేసిన పాత బేరింగే టూలు. దాని కొలత అచ్చంగా కొత్తదాని కొలత కదా. విప్పడం ఎలాగంటే, రేకు మూతలు చిన్న డ్రైవర్‌తో లేపి తీసేయండి. లోపల గోళీల్ని దూరదూరంగా పట్టి ఉంచే రేకు పంజరం కనిపిస్తుంది, దానికి చిన్న చిన్న రివిట్లు. వాటి తలలు అరగదీసి పంజరాన్ని పీకేస్తే గోళీలు విడిపడతాయి. అన్నిటినీ వేలితో ఒక పక్కకి తోయండి. అప్పుడు లోపలి వలయం రెండో పక్కకి జరిగి చటుక్కున బయటికొస్తుంది, సుత్తి అవసరమే లేదు. మొదటిసారి చూసినవాళ్లకి ఇదేదో మాయలా ఉంటుంది గానీ, ఫ్యాక్టరీలో గోళీలు ఎక్కించేదీ ఇలాగే, మనం చేసేది వెనక్కి.

మిగిలిన బయటి వలయమే కొత్త బేరింగ్‌ని నెట్టే టూలు. దాన్ని అలాగే వాడితే కవర్‌లో అది కూడా ఇరుక్కుపోతుంది. అందుకని కట్టింగ్ చక్రంతో ఒక చోట అడ్డంగా చీల్చేయండి, ఆ చీలిక వల్ల నొక్కితే కాస్త ముడుచుకుంటుంది, తీయడానికి సులువు. లేదా బయటి ముఖం చుట్టూ ఒక పొర అరగదీయండి. హాక్సాతో కోద్దామని చూడకండి, బ్లేడు పళ్లే పోతాయి, బేరింగ్ ఉక్కు అంత గట్టిది. అంత గట్టిది కాబట్టే దాన్ని సుత్తితో కొట్టకూడదు. గాజులా పగిలి ముక్క కంట్లోకి వస్తుంది. కొట్టడం బదులు బోల్టుతో నొక్కాలి. 6202 రంధ్రంలోంచి ఎం12, అంటే 12 మి.మీ. లావు మర కడ్డీ హాయిగా దూరుతుంది, 6201కైతే ఎం10. కడ్డీకి రెండు వైపులా మందపాటి వాషర్లు, నట్లు. కవర్ ఒక వైపు, కొత్త బేరింగ్, దాని మీద మీ పాత వలయం ఒక వైపు, నట్టు తిప్పుతూ పోతే బేరింగ్ నిమ్మళంగా లోపలికి దిగుతుంది. పానా రెండు చాలు.

అల్యూమినియం కవర్ అయితే ముందు కాస్త వేడి చేయండి, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 35 మి.మీ. రంధ్రం 60 డిగ్రీలు వేడెక్కితే 0.05 మి.మీ. దగ్గర తెరుచుకుంటుంది. చూడ్డానికి ఏమీ కాదు, బేరింగ్ బిగువు లెక్కలో అది చాలా ఎక్కువ. బేరింగ్‌ని మాత్రం వేడి చేయొద్దు, లోపల గ్రీజు ఉంది.

మిక్సీకి వస్తే, మోటార్ మీదుండే కప్లర్ (జార్‌ని తిప్పే పళ్ల చక్రం) రాదని చాలామంది పట్టకారుతో పట్టి పళ్లన్నీ చెక్కేస్తారు. మీ ఇంట్లో అడుగు కారిపోయి పడేసిన జార్ ఉందా? దాని అడుగున ఉన్న కప్లర్ మోటార్ కప్లర్‌లో అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. దాన్ని దాని షాఫ్ట్‌తో సహా బయటికి తీసి, షాఫ్ట్‌కి ఒక కమ్మీ ముక్క అడ్డంగా వెల్డింగ్ చేయించండి, టీ ఆకారంలో. ఏ గేట్లు చేసే షాపులోనైనా నిమిషం పని, డబ్బులు కూడా తీసుకోరు ఒక్కోసారి. మోటార్ షాఫ్ట్‌ని కదలకుండా కింద పట్టుకోవాలి, చాలావాటికి షాఫ్ట్ కింది చివర డ్రైవర్ పెట్టుకోవడానికి గాటు ఉంటుంది. ఎటు తిప్పాలన్నదే అసలు ప్రశ్న. ఇలా తిరిగే వాటికి నడిచేటప్పుడు ఇంకా బిగుసుకునే వైపే మర వేస్తారు. అంటే షాఫ్ట్ పట్టుకుని కప్లర్‌ని మోటార్ తిరిగే దిక్కుకే తిప్పితే వదులవుతుంది. విప్పేముందు ప్లగ్ పెట్టి ఒక్క క్షణం తిప్పి దిక్కు చూసుకోండి, ప్లగ్ పీకేసి ఆ తర్వాత చెయ్యి పెట్టండి.

మీ మూడింటి సంగతీ అయింది. మిగతా టూల్స్ సంగతి కూడా అడిగారు కాబట్టి, నా సొరుగులోంచి కొన్ని.

సైకిల్ స్పోక్ నేను ఎక్కువగా వాడే ముక్క. 2 మి.మీ. తీగ, చివర మర, దానికి నిపుల్ (ఆ మరకి బిగించే చిన్న నట్టు) కూడా వస్తుంది, ఆ నిపుల్‌నే చెక్క పిడిలో ఎం-సీల్ పెట్టి బిగించేస్తే పిడి సమస్య తీరినట్టే. స్ప్రింగులు లాగే కొక్కెం, పడిపోయిన వాషర్ తీసే కొక్కెం, వైరు దూర్చే గైడు అన్నీ దాంతోనే. స్టెయిన్‌లెస్ స్పోక్‌ని మాత్రం స్టవ్ మీద పెట్టి వంచకండి. దాని బలం చల్లగా తీగ లాగడంలో వచ్చింది, ఎర్రగా కాలిస్తే పోతుంది, నీళ్లలో ముంచినా నూనెలో ముంచినా తిరిగి రాదు. చల్లగానే, ఏదో ఒక మేకు చుట్టూ గుండ్రంగా వంచండి. మూల తిరిగేలా ఒక్కసారిగా మడిస్తే విరుగుతుంది.

కారు వైపర్ రబ్బరు పక్కన రెండు సన్నటి స్టీలు పట్టీలు ఉంటాయి చూశారా, పాతరకం వైపర్లలో. మంచి స్ప్రింగు పట్టీలు అవి. క్లిప్పులు నొక్కి పట్టడానికి, సందులో దూర్చి తాళం నాలుక వెనక్కి నెట్టడానికి, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడానికి. జేసీ రోడ్డులో కార్ల సామాన్ల షాపుల ముందు పాత వైపర్లు ఊరికే పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు.

హాక్సా బ్లేడ్లలో రెండు రకాలు. వంగేది బైమెటల్, దానికి పళ్ల అంచు ఒక్కటే హైస్పీడ్ స్టీల్, వెనక భాగం స్ప్రింగ్ స్టీల్. వంచితే ఫట్‌మని విరిగేది మొత్తం గట్టిది. గీకే కత్తి చేసేటప్పుడు ఇది చూసుకోవాలి, బైమెటల్‌కి పళ్ల వైపు అంచు పెట్టాలి, వెనక వైపు పెడితే అంచు ఎక్కువకాలం నిలవదు. గట్టి రకానికి రంధ్రం వేద్దామంటే మామూలు డ్రిల్ బిట్ దిగదు, చివర ఉన్న రంధ్రాన్నే వాడుకోండి. పీణ్యాలో మెషిన్ షాపుల దగ్గర పవర్ హాక్సా బ్లేడ్లు దొరుకుతాయి, అరిగినవి, మందంగా ఉంటాయి. హైస్పీడ్ స్టీల్ 550, 600 డిగ్రీల దాకా గట్టిదనం వదలదు కాబట్టి గ్రైండర్ మీద నీలం తిరిగినా కంగారు పడక్కర్లేదు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టేస్తే చాలు. కానీ బైక్ ఇంజన్ కేసు మీద గాస్కెట్ (ఆయిల్ కారకుండా అతుకు మధ్య పెట్టే పట్టీ) గీకడానికి ఇది వాడారంటే అల్యూమినియం మీద గీతలు పడి ఆయిల్ కారుతుంది. దానికి పాత ఇత్తడి బందు రేకు ఆకురాయితో అరగదీసి వాడండి.

బోల్టుతో మర శుభ్రం చేసే టూల్ చేసుకోవచ్చు, ఇది నిజంగా పనికొచ్చేది. తల మీద 8.8 లేదా 10.9 అని రాసి ఉన్న బోల్టు తీసుకుని, మర పొడుగునా రెండు మూడు గాట్లు కోయండి. తుప్పు, పెయింటు, పాత త్రెడ్ సీలెంట్ ఉన్న రంధ్రంలో నూనె వేసి ఇది తిప్పితే చెత్తంతా గాట్లలోకి వస్తుంది. మామూలు ట్యాప్ (రంధ్రంలో మర కోసే టూలు) వేస్తే లోహాన్ని కూడా కొంచెం కోసేస్తుంది, అల్యూమినియంలో అసలే అరిగిన మర ఇంకా వదులవుతుంది. పాత స్పార్క్ ప్లగ్ మర మీద ఇలాగే గాట్లు పెట్టుకుంటే ప్లగ్ రంధ్రానికి సరిపోతుంది. మర పూర్తిగా పోయినచోట ఇది పనిచేయదు, అది వేరే వైద్యం.

బైకుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత జపాన్ డిజైన్ బండ్ల ఇంజన్ కేసు స్క్రూలు చూడ్డానికి ఫిలిప్స్ (ప్లస్ ఆకారం గాటు) లాగే ఉంటాయి గానీ జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం రకం, చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ బిట్ మొన అందులో అడుగుకి తగిలి, రెక్కలు పూర్తిగా కూర్చోవు. పీహెచ్2 (రెండో నంబరు ఫిలిప్స్) బిట్ మొన చివర ఒక్క పిసరు అరగదీస్తే బాగా కూర్చుంటుంది. ఈ బండ్ల స్క్రూలన్నీ చెడేది తుప్పుతో కాదు, తప్పు బిట్‌తోనే. మూడు రెక్కల స్క్రూలు, మధ్యలో పుల్ల ఉన్న టార్క్స్ (నక్షత్రం ఆకారం గాటు) లాంటివి మాత్రం చేయబోకండి. ఎస్‌పీ రోడ్డులో బిట్ సెట్లు చవక, మన టైము దండగ.

లాప్‌టాప్, ఫోన్ల పనికి లోహం పక్కన పెట్టేయండి. టూత్‌బ్రష్ పిడి ఆకురాయితో ఒకవైపు పల్చగా చేసుకుంటే కవర్ క్లిప్పులు లేపడానికి సరిపోతుంది, పాత ఏటీఎం కార్డు కోసుకుని కూడా వాడొచ్చు. అగరుబత్తి పుల్ల వెదురు కదా, కనెక్టర్లలో దుమ్ము గీకడానికి, చుక్క గమ్ పెట్టడానికి అంతకంటే మంచిది లేదు. లిథియం బ్యాటరీ కింద స్టీలు పట్టీ దూర్చకండి, ఎంత పల్చనిదైనా సరే. కార్డు ముక్కో, గట్టి దారమో. పొర చిరిగితే మంటే.

సోల్డరింగ్ చేస్తే మెడికల్ షాపులో సిరంజి సూదులు కొత్తవి తెచ్చుకోండి, వాడేసినవి వద్దు. మొన సానరాయి మీద చదును చేసి, కరిగిన సోల్డర్‌లో కాంపొనెంట్ కాలికి తొడిగి తిప్పితే కాలు బోర్డు నుంచి విడిపోతుంది, స్టెయిన్‌లెస్‌కి మామూలు ఫ్లక్స్‌తో (సోల్డర్ అంటుకోవడానికి పూసేది) సోల్డర్ అంటదు కాబట్టి. 18 గేజ్ బయటి వ్యాసం సుమారు 1.27 మి.మీ., 21 గేజ్‌ది 0.82, రెండూ ఉంచుకుంటే సరి. పాతరకం రాగి బిట్ అరిగితే ఆకురాయితో మొన తీసి సోల్డర్ పూయొచ్చు. ఇప్పటి బిట్లకి పైన ఇనుప పూత ఉంటుంది, వాటి మీద ఆకురాయి పెడితే ఆ బిట్ పని అయిపోయినట్టే.

ఇప్పుడు కొనాల్సినవి. టెస్టర్, కరెంటు పనికి వాడే డ్రైవర్లు, కటింగ్ ప్లయర్. స్క్రూడ్రైవర్ కడ్డీకి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగేసి ఇన్సులేటెడ్ అనుకునేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. ఆ తొడుగు మీ చెయ్యి జారి పక్క టెర్మినల్‌కి తగలకుండా కొంచెం సాయం చేస్తుంది, అంతవరకే. నిజంగా కాపాడేవాటి మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్ట్ అని ఉంటుంది, ఐఈసీ 60900 ప్రమాణం. టపారియా లాంటి ఊరూపేరూ ఉన్న కంపెనీవి తీసుకోండి. అలాగే ఉలి, సెంటర్ పంచ్ లాంటి దెబ్బ తినేవి. పాత ఆకురాయితో ఉలి చేయకండి. పల్లెల్లో చేస్తారు, నేనూ చూశాను, కానీ వాళ్లు కొలిమిలో పెట్టి మెత్తబరిచి మళ్లీ పదును ఇచ్చి చేస్తారు. మనం ఊరికే అరగదీసి సుత్తితో కొడితే ముక్కలు ఎగురుతాయి. ఆకురాయితో గీకుడు కత్తి మాత్రం దివ్యంగా వస్తుంది, దాన్ని పైకి లేపే మీటలా వాడనంతవరకు.

కరెంటు విషయంలో మీరే చేసుకోదగ్గది ఒకటుంది, సీరీస్ బోర్డు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, హోల్డరు, సాకెట్టు, వాటిని ఒకదాని వెనక ఒకటి కలపడమే. బాగుచేసిన మిక్సీని నేరుగా ప్లగ్‌లో పెట్టకుండా ముందు దీనికి పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ట్రిప్ అవ్వదు, ఏమీ కాలదు, ఎందుకంటే 230 వోల్ట్ దగ్గర ఆ బల్బు 0.43 ఆంపియర్ దాటనివ్వదు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఉంది కదా అని లోపల చెయ్యి పెట్టకండి, షాక్ కొట్టడానికి ఆ కరెంటులో పదో వంతు కూడా ఎక్కువే. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం తెరవకండి, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో చంపేంత ఛార్జ్ ఉండొచ్చు.

ఇంట్లో ఉక్కుకి టెంపర్ పెట్టొచ్చా అని కూడా అడిగారు. చిన్న ముక్కలకి పెట్టొచ్చు, అది కార్బన్ స్టీల్ అని తెలిస్తేనే. ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేసే వేడి దాటాక, అది 770 డిగ్రీల దగ్గర, నూనెలో ముంచాలి. వేరుశనగ నూనె చాలు, కాస్త గోరువెచ్చగా. ఇనుప డబ్బాలోనే, మూత పక్కన పెట్టుకుని, నూనె అంటుకుంటే మూసేయడానికి. ముంచిన వెంటనే అది గాజంత పెళుసు. ఎమ్రీ పేపర్‌తో మెరిసేలా రుద్ది, వెనక వైపు నుంచి మెల్లగా వేడి చేస్తే రంగులు మొన వైపు పాకుతూ వస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు 220 దగ్గర, తర్వాత గోధుమ రంగు 250, ఊదా 280, నీలం 300. గీకేదానికి గడ్డి రంగులో ఆపండి, డ్రైవర్‌కి ఊదా దాటి నీలం. అనుకున్న రంగు మొన చేరగానే నీళ్లలో ముంచాలి, ఒక్క క్షణం ఆలస్యమైనా దాటిపోతుంది. జింకు పూత ఉన్నదాన్ని కాల్చకండి, ఆ పొగకి జ్వరం వస్తుంది. అద్దె ఇంటి వంటగదిలో ఇదంతా చేస్తే ఇంట్లోవాళ్లు ఏమంటారో అది మీ ఇష్టం.

నిజానికి ఫ్లాట్‌లో ఆంగిల్ గ్రైండర్ కూడా వద్దనే అంటాను. చప్పుడు ఒకటి, రవ్వలు బాల్కనీ అద్దానికి తగిలితే మచ్చలు శాశ్వతం. చిన్న బెంచ్ వైసు (ముక్కని దవడల మధ్య బిగించి పట్టేది), సానరాయి, డైమండ్ ఆకురాళ్ల సెట్టు ఉంటే పైన చెప్పినవాటిలో చాలావరకు అవుతాయి. అలెన్ కీ కూడా డైమండ్ ఆకురాయితో అరుగుతుంది, ఓ సాయంత్రం పడుతుంది గానీ వేడెక్కి టెంపర్ పోయే భయం ఉండదు. బేరింగ్ వలయం చీల్చడం మాత్రం వెల్డింగ్ షాపులో చేయించుకోండి.

సామానుకి ఆదివారం పొద్దున్నే అవెన్యూ రోడ్డు, బీవీకే అయ్యంగార్ రోడ్డు దగ్గర జరిగే పాత సామాన్ల సంతకి వెళ్లండి. ఎండ ఎక్కేలోపే, పర్సు ముందు జేబులో పెట్టుకుని. పాత అలెన్ కీలు, ఆకురాళ్లు, సాకెట్లు కుప్పలుగా పోసి ఉంటాయి. చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టండి. వైసు కొంటే దవడలు మూసి వెలుగుకి పట్టి చూడండి, ఒక పక్క సందు కనిపిస్తే వదిలేయండి. స్క్రూని చివరిదాకా తిప్పి చూడండి, మధ్యలో ఒక చోట మాత్రమే వదులుగా ఉంటే అక్కడే మర అరిగిపోయిందని. ఫ్యాను బేరింగ్ మీద నంబరు చెరిగిపోయి ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి ఇక్కడే పెట్టండి, ఏ కడ్డీ కావాలో చెప్తాను.